రెండో వైపు నాలుగో పాట

సెక్టార్ 10, భిలాయి (మ.ప్ర.)
12 ఫిబ్రవరి 1995

ప్రసన్నకు,

నీ క్యాసెట్ అందింది. అట్ట మీద నీ ఫొటో బాగుంది. ఆ నెమలికంఠం రంగు చీర అమ్మదేనా? అమ్మ పోయాక పెట్టె తెరిచినప్పుడు నాకు కనబడలేదు. పోనీలే, నీకు నప్పింది. ఫొటో కింద ‘సుస్వర గాయని’ అని వేశారు. నువ్వు చెప్పి వేయించావా, వాళ్లంతట వాళ్లే వేశారా?

మీ బావగారి సంగతి చెప్పాలి. ఇరవై ఏళ్లుగా రైల్ మిల్లు మోతలో పనిచేస్తున్న మనిషి. పెళ్లయిన కొత్తలో నేను పాడుతుంటే పేపరు మడత పెట్టకుండానే “ఊఁ, బాగుంది” అనేవారు. ఆ మనిషి ఇప్పుడు నీ క్యాసెట్ కారులో పెట్టుకొని తిరుగుతున్నారు. కిందటి దసరాకి కొన్నామే, తెల్లటి చిన్న కారు, అందులో. ప్లాంటుకి వెళ్లేటప్పుడు మొదటి వైపు, వచ్చేటప్పుడు రెండో వైపు. ఎవరు కారెక్కినా, “మా మరదలండి. మా మావగారు రాసిన పాటలు. ఎనిమిదీ ఆయనవే” అని మొదలుపెడతారు. ఆ ఎనిమిదీ ఇద్దరు కూతుళ్లకి నేర్పారని మాత్రం చెప్పరు. అడిగినవాళ్లూ లేరు.

మొన్న అమ్ము నన్నడిగింది. ఇక్కడే పుట్టి పెరిగింది కదా, దాని తెలుగు నీకు తెలిసిందే. “మమ్మీ, మౌసీ ఇంత బాగా పాడుతాది కదా, నువ్వు క్యోఁ నహీఁ గాతీ?” అంది, పిన్ని పాడుతుంటే నేనెందుకు పాడనని. పప్పు మాడిపోతోందని వంటింట్లోకి వెళ్లిపోయాను.

రెండో వైపు చివరిదైన ‘సాయంత్రం పాట’ నాన్న మొదట నాకే నేర్పారు. అప్పటికి నీకు తొమ్మిదేళ్లు. గుమ్మంలో కూర్చొని వినేదానివి. గుర్తుందో లేదో.

అక్క
మీనాక్షి

*

విజయనగరం
3 మార్చి 1995

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. చీర అమ్మది కాదు. సంగీత కళాశాలలో నా దగ్గర నేర్చుకునే ఆడపిల్లలు కలిసి పెట్టారు. అమ్మ చీరలన్నీ నువ్వు భాగం చేసి ఇచ్చినవే, ఇంకోటి నా దగ్గర లేదు. ‘సుస్వర గాయని’ క్యాసెట్ వాళ్ల పని. చూసి నాకే సిగ్గేసింది.

బావగారు విన్నారని రాశావు, అమ్ము విందని రాశావు. నువ్వు విన్నావో లేదో రాయలేదు. నాకు కావలసింది అదే. పత్రికలో నాలుగు మంచి మాటలు రాశారు, రేడియో స్టేషన్‌లో అందరూ చేతులు పట్టుకున్నారు. అయినా నువ్వేమంటావోనని పోస్టుమన్ కోసం చూశాను.

రెండో వైపు మాత్రం పట్టి పట్టి వినకు. స్టూడియో దొరికిన సమయం తక్కువ. కొంచెం తొందరలో అయింది.

గుర్తు లేకపోవడమేమిటి? నువ్వు చాప మీద, నాన్న కుర్చీలో, నేను గుమ్మంలో. ఎప్పుడు లోపలికి పిలుస్తారా అని ఎదురుచూసేదాన్ని.

మొన్నటి మంచుకి గొంతు బొంగురు పోయింది. మిరియాల పాలు తాగుతున్నాను. నీకు పెద్ద ఇల్లు, కారు, సాయంత్రానికి ఇంటికొచ్చే మనుషులు. నా గదిలో తంబుర, నేను. ఊరికే రాస్తున్నాను, ఏడుపు కాదు.

ప్రసన్న

*

భిలాయి
9 ఏప్రిల్ 1995

ప్రసన్నకు,

మా ఇంట్లో జరిగిన భాగోతం విను.

కారుతో పాటు వచ్చిన స్పీకర్లు రెండూ అరచేతంత ఉంటాయి. వార్తలకి చాలు. మీ బావగారికి నీ పాటకి చాలలేదు. “ఏటిది మీనాక్షీ, ప్రసన్న గొంతు టెలిఫోనులో విన్నట్టుంది. అంత పాట ఇందులోనా వినడం?” అని నెల రోజులు నలిగిపోయారు. చివరికి రెండు ఆదివారాలు కారు పట్టుకొని పవర్ హౌస్ బజారులో సింహాద్రి కొట్టు ముందు కూర్చున్నారు. నన్నూ కూర్చోబెట్టారు.

సింహాద్రిది క్యాంప్ వన్. ప్లాంటు కట్టేటప్పుడు వాళ్ల నాన్న బొబ్బిలి నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. రేడియోలు, మైకులు, ఇప్పుడు కార్ల స్టీరియోలు, అన్నీ చేస్తాడు. కారు తలుపు మీద వేలితో కొట్టి చూశాడు. “సూడండి బాబూ, పాట కన్నా తలుపు రేకే ఎక్కువ మోగుతంది. ముందల దీని నోరు ముయ్యాల. స్పీకరు తరవాత” అన్నాడు. తలుపుల లోపల తారు షీట్లు అంటించాడు. పాతవి పీకేసి తలుపుల్లో పెద్దవి పెట్టాడు. వెనక అద్దం కింద చెక్క కోసి కోడిగుడ్డు ఆకారంలో ఇంకో రెండు బిగించాడు. సన్నటి స్వరాల కోసమని రూపాయి బిళ్లంతవి మరో రెండు. సీటు కింద ఆంప్లిఫయర్. మా వంటింట్లో చిమ్నీ పెట్టించమని నాలుగేళ్లుగా అడుగుతున్నాను.

అన్నీ బిగించి నీ క్యాసెట్ పెట్టారు. మోత పెరిగింది గాని ఏదో లోటు. మీ బావగారు ముఖం వేలాడేశారు. సింహాద్రి బుర్ర గోక్కుంటున్నాడు. నేను వెనక సీట్లోంచి, “పాట మధ్యలో లేదు. పక్కలకి పారిపోయింది. మృదంగం ఎడమ చేయి వినబడటమే లేదు” అన్నాను.

అతను తలుపు మళ్లీ విప్పాడు. “అమ్మా! ఇక్కడ ప్లస్సూ మైనస్సూ తారుమారైపోనాయండి. ఒక స్పీకరు ముందుకి తోస్తంటే ఇంకోటి వెనక్కి లాగేస్తంది. మీటరెట్టినా నాకు తెల్లేదు. ఏటి చెవులండి మీవి!” అన్నాడు.

ఇరవై ఏళ్లలో మొదటిసారి నా గురించి ఒకరు అలా అనడం. మీ బావగారి వైపు చూశాను. ఆయన నవ్వి ఏమన్నారో తెలుసా? “మరేటనుకున్నావు సింహాద్రీ, ప్రసన్నకి అక్క కదా!”

వైరు మార్చి పెట్టగానే నీ గొంతు ముందు సీట్ల మధ్యకి వచ్చి కూర్చుంది. ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. ఆ వైపు అయ్యేదాకా ఆయన నన్ను నోరెత్తనివ్వలేదు. నీ పాటకి అడ్డం వస్తుందని.

రెండో వైపు పట్టి వినొద్దన్నావు. విన్నాను. నాలుగో పాట, నాన్న సాయంత్రం పాట, మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. తొందరేమీ కనబడలేదు. చాలా బాగుంది.

నవంబరులో మా తెలుగు సంఘం వార్షికోత్సవం. ఈ ఏడు మీ బావగారే కార్యదర్శి. నీ కచేరీ పెట్టిద్దామన్నాను. ఎగిరి గంతేశారు. నువ్వు రావాలి. సాయంత్రం పాట పాడాలి.

అక్క
మీనాక్షి

*

విజయనగరం
14 మే 1995

అక్కా,

నా పాట కోసం బావగారు కారు తలుపులు విప్పించారంటే నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. నా కోసం అంత శ్రద్ధ పెట్టిన మగవాళ్లు నాన్న తర్వాత ఎవరున్నారు? నీకు దొరికిన మనిషి విలువ నీకు తెలియదనుకుంటాను.

ఉత్తరంలో నీ మాట ఒక్కటే ఉంది, ‘చాలా బాగుంది’ అని. నువ్వు అంత పొదుపుగా ఎప్పుడూ మెచ్చుకోవు. నచ్చితే ఎక్కడ నచ్చిందో చెబుతావు, నచ్చకపోతే ఎక్కడ తప్పిందో చెబుతావు. ఏమైనా అనుమానం ఉంటే రాయి అక్కా. ఏమీ అనుకోను.

నవంబరు అంటే కష్టమే. పరీక్షలు, పిల్లల పోటీలు. గొంతుకి కొన్నాళ్లు విశ్రాంతి ఇవ్వాలనీ ఉంది. వచ్చే ఏడు పెట్టుకుందామా? తప్పనిసరైతే చిన్న చిన్నవి నాలుగు పాడతాను. సాయంత్రం పాట వద్దు. చరణం బాగా పైకి వెళుతుంది కదా, ప్రయాణం చేసి వచ్చి పాడేది కాదు.

ప్రసన్న

*

భిలాయి
2 జులై 1995

ప్రసన్నకు,

నాకు అనుమానం ఎందుకుంటుంది? బాగున్నదాన్ని బాగుందన్నాను.

ఇక్కడ అందరికీ నువ్వు వస్తున్నావని చెప్పేశాం. కరపత్రం అచ్చుకి వెళ్లింది. ‘ముగింపు: సాయంత్రం పాట’ అని నేనే వేయించాను. చరోదా రైల్వే కాలనీలోని మనవాళ్లు బస్సు మాట్లాడుకొని వస్తామన్నారు. మైకు సింహాద్రికే అప్పగించాం. అందరూ నీ క్యాసెట్ విన్నవాళ్లే. ఎక్కడ చూసినా రెండో వైపు నాలుగో పాటే అడుగుతున్నారు. అది లేకుండా నాలుగు చిన్న పాటలు పాడి వెళితే వాళ్లేమనుకుంటారు? మీ బావగారి ముఖం ఎలా ఉంటుంది?

నీకు పెద్ద పెద్ద సభలు ఉంటాయి. పొగగొట్టాల ఊరు, ఇనుము కరిగించుకునే జనం, మేము నీ కంటికి ఆనకపోతే చెప్పెయ్. బలవంతం లేదు. ఆయనకి నేనే ఏదో ఒకటి నచ్చజెబుతాను.

అంత పైకి పాడి క్యాసెట్‌లో పెట్టినదానివి, మా ముందు పాడలేవా?

మీనాక్షి

*

విజయనగరం
21 ఆగస్టు 1995

అక్కా,

ఇన్నాళ్లూ జవాబు రాయలేకపోయాను. వస్తాను. నువ్వు ఇంతగా అడిగాక రాకుండా ఎలా ఉంటాను? సాయంత్రం పాట కూడా పాడతాను.

ఒకటే కోరిక. వెనక తంబుర నువ్వు పట్టుకుంటావా? నువ్వుంటే ధైర్యంగా ఉంటుంది.

ప్రసన్న

*

విజయనగరం
20 నవంబరు 1995

అక్కా,

క్షేమంగా చేరాను. రైల్లో ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక పెద్దావిడ నేను మూగదాన్ననుకొని చేతి సైగలతో అరటిపండు ఇచ్చింది.

ఆ రోజు సంగతి మనిద్దరం ఒక్క మాట అనుకోలేదు. నువ్వు అడగలేదు. నా మీద దయతోనే అడగలేదని నాకు తెలుసు. మర్నాడంతా వేణ్ణీళ్లు కాచి ఇచ్చావు, మెడకి శాలువా చుట్టావు, చూడవచ్చిన వాళ్లని గుమ్మంలోంచే పంపేశావు. అందుకే ఇది నీకు చెప్పకుండా ఉండలేను.

నా గొంతు పోయింది అక్కా. రెండేళ్ల నుంచీ పోతూనే ఉంది. స్వరతంత్రుల మీద కాయలు కట్టాయని విశాఖపట్నంలో డాక్టరు చెప్పాడు. కింది స్థాయిలో నెట్టుకురాగలను. పైకి వెళితే పగిలిపోతుంది. క్యాసెట్‌లో సాయంత్రం పాట చరణం ఇప్పటిది కాదు. ఏడేళ్ల కిందట కళాశాల ఉత్సవంలో రికార్డు చేసిన టేపులోంచి తీసి అతికించారు. నేను బతిమాలితేనే చేశారు, వాళ్ల తప్పేమీ లేదు. ఒక్క క్యాసెట్ బయటికొస్తే చాలు, తర్వాత ఏదో ఒకటి చెప్పి మానేద్దాం అనుకున్నాను. నాన్న పాటలు కదా, ఎలాగైనా నిలవాలని ఆశ.

నేను మీ సభలో పల్లవి బాగానే అందుకున్నాను. చరణంలో పైకి వెళ్లబోయేసరికి గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించాను. కీచుమంది. ఎవరో పిల్లలు నవ్వారు. బావగారు చటుక్కున వేదిక ఎక్కి మైకుకి చేయి అడ్డం పెట్టి, “క్షమించాలండి, మైకు పాడైపోయింది” అన్నారు. వెనక నుంచి సింహాద్రి గట్టిగా, “నాదే తప్పు బాబూ! వైరు ఊడిపోనాది. తల్లి గొంతుకేటీ అవలేదు, నా డబ్బాయే సచ్చిపోనాది” అని అరిచాడు. పని మీద అంత పట్టింపు ఉన్న మనిషి, మూడొందల మంది ముందు తన పరువు తీసుకున్నాడు. అతనికి నా నమస్కారం చెప్పు.

నీకు మొదటే చెప్పాల్సింది. లోకంలో ఎవరికి చెప్పకపోయినా నీకు చెప్పాల్సింది. నీ ముందు చిన్నదాన్ని అవుతానని దాచాను. నీ ఊళ్లో నీకు తలవంపులు తెచ్చాను. క్షమించు.

ప్రసన్న

*

భిలాయి
17 డిసెంబరు 1995

ప్రసన్నా,

నన్ను క్షమాపణ అడగకు. ఈ ఉత్తరం చదివాక అడగవు.

నాకు తెలుసు. ఏప్రిల్ నుంచీ తెలుసు.

సింహాద్రి వైరు మార్చిన రోజే విన్నాను. పాత స్పీకర్లలో ఎవరికీ తెలిసేది కాదు. కొత్తవాటిలో పల్లవి దగ్గర తంబుర ఒకలా మోగుతోంది, చరణం మొదలవగానే ఇంకోలా మోగింది. నీ ఊపిరి మారింది. చిన్న గదిలోంచి పెద్ద హాల్లోకి వెళ్లినట్టు నీ చుట్టూ గాలి మారింది. పైన పాడుతున్నది వయసులో ఉన్న ప్రసన్న. మూడుసార్లు తిప్పి విన్నది మెచ్చుకోవడానికి కాదు, నిర్ధారణ చేసుకోవడానికి.

అయ్యో అనిపించలేదు ప్రసన్నా. సంతోషం కలిగింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆ రోజు పవర్ హౌస్‌లో కారాపించి జిలేబీలు కొన్నాను. ఎందుకని ఆయనడిగితే ఊరికే అన్నాను. అదే దారిలో నీ కచేరీ మాట ఎత్తాను. ఏ పాటలో నీ గొంతు విరుగుతుందో తెలిసి ఆ పాట పేరు కరపత్రంలో వేయించాను. నువ్వు వద్దంటుంటే బావగారి ముఖం అడ్డుపెట్టి రప్పించాను. తంబుర పట్టుకోమన్నావు. మోకాళ్ల నొప్పి అని చెప్పి మొదటి వరుసలో కూర్చున్నాను. మోకాళ్లకి ఏమీ లేదు. అక్కడి నుంచి నీ ముఖం కనబడుతుందని.

కనబడింది. నీ గొంతు విరిగినప్పుడు నువ్వు జనాన్ని చూడలేదు, నన్ను చూశావు. చిన్నప్పుడు గుమ్మంలోంచి చూసినట్టు. ఇరవై ఏళ్లుగా నేను కోరుకున్నది ఎదురుగా జరుగుతుంటే అందులో ఒక్క క్షణం కూడా నాకు సుఖం దొరకలేదు.

నువ్వు వెళ్లిన వారానికి మీ బావగారు అడిగారు. “వైరు తిరగబడితే కనిపెట్టినదానివి. ప్రసన్న గొంతు సంగతి నీకు తెలీకుండా ఎలగుంటాది మీనాక్షీ?” అని. తెలియదన్నాను. ఆయన నమ్మలేదు. క్యాసెట్ తీసి బీరువాలో పెట్టేశారు. ప్లాంటుకి స్కూటరు మీద వెళ్తున్నారు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు అమ్ము టేప్‌రికార్డరులో నేను ఆ పాట పాడి రికార్డు చేసుకున్నాను. కారులో కూర్చొని అవే స్పీకర్లలో విన్నాను. ఎన్నేళ్లుగానో అనుకుంటున్నాను, పెళ్లి చేసి ఈ ఊరు పంపకపోతే ఆ అట్ట మీద నా ఫొటో ఉండేదని. నీకన్నా నేనే బాగా పాడేదాన్నని. స్పీకర్లు మొహమాటపడవు. మామూలు గొంతు ప్రసన్నా. సాధన లేక పాడైన గొప్ప గొంతు కాదు, ఎప్పుడూ మామూలుదే. నాన్న మొదట నాకు నేర్పారన్నది గుర్తుపెట్టుకున్నాను. నేర్పి ఏమన్నారో మరిచిపోయాను. “మీనాక్షికి చెవి ఇచ్చాడు దేవుడు. ప్రసన్నకి గొంతు ఇచ్చాడు” అన్నారు. ఇద్దరినీ మెచ్చుకుంటూనే అన్నారు. నాకిచ్చింది నాకు చాలలేదు.

నీకు జవాబు రాయాలని లేకపోతే రాయకు.

మీనాక్షి

*

విజయనగరం
26 మార్చి 1996

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజు నాలుగు జవాబులు రాసి నాలుగూ చింపేశాను. జనవరిలో ఆపరేషన్ అయింది. ఆరు వారాలు నోరు విప్పొద్దన్నారు. పలక మీద రాసి చూపించేదాన్ని. నిన్ను తిట్టుకుందామంటే గొంతు లేదు.

నీ అసూయ నాకు కొత్త కాదు. ప్రతి ఉత్తరంలోనూ చదివాను. చీర మీద, ఫొటో మీద, బావగారి కారు మీద. నేను కూడా నీ ఇంటిని చూసి కుళ్లుకున్నదాన్నే. అది సర్దుకోగలను. కానీ నన్ను పిలిచి, వేదిక ఎక్కించి, ఎదురుగా కూర్చొని చూశావు. ఏమీ తెలియని వాళ్లిద్దరూ నా కోసం అబద్ధమాడారు. అన్నీ తెలిసినదానివి నువ్వు ఊరుకున్నావు. వేణ్ణీళ్లు ఇస్తున్నప్పుడు కూడా ఊరుకున్నావు.

క్షమించానని రాయను. నాకింకా మనసు రాలేదు.

అయినా నీతో పని పడింది. జూన్‌లో రేడియో వాళ్లు మళ్లీ పాడించి చూస్తారట. వెళ్లాలా, వాళ్ల గాయకుల జాబితాలోంచి నా పేరు తీసేయమని రాసివ్వాలా తేల్చుకోలేకపోతున్నాను. డాక్టరు ‘మాట్లాడుతున్నావుగా, అదే ఎక్కువ’ అంటాడు. ఇక్కడ ఎవరి ముందు పాడినా కళ్లనీళ్లు పెట్టుకొని ‘అద్భుతం’ అంటున్నారు. వాళ్లకి నా మీద ప్రేమ, వాళ్ల మాట నేను నమ్మలేను. నన్ను జాలి లేకుండా వినగలిగిన మనిషివి నువ్వొక్కదానివే.

పది నిమిషాల పాట క్యాసెట్ మీద పంపుతున్నాను. మొన్న వారం పాడింది. అతుకులు లేవు. విని ఉన్నదున్నట్టు రాయి. ఆపేయమంటే ఆపేస్తాను. ఈసారి అబద్ధం రాస్తే మాత్రం నాకు అక్క లేదు.

ప్రసన్న

*

భిలాయి
11 ఏప్రిల్ 1996

ప్రసన్నా,

విన్నాను. ముందు ఒక మాట. నేను చేసింది మీ బావగారికి చెప్పేశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కారు తాళాలు నా చేతికిచ్చి, “నువ్వే విను. విని సరిగా రాయి” అన్నారు.

ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పై స్థాయి పోయింది. తిరిగి రాదు. దాని కోసం ప్రయత్నించకు, ఉన్నది కూడా పోతుంది. రెండో చోట పైకి వెళ్లబోయి పక్కకి తప్పుకున్నావు. వినేవాళ్లకి తెలియదని అనుకున్నావేమో, తెలుస్తుంది. ఊపిరి ఇదివరకటి కన్నా పొట్టిదైంది. పొడుగు మాటలు మధ్యలో విరుస్తున్నావు. శ్రుతి ఒకటిన్నర మెట్లు దించు. సిగ్గుపడకు.

మొదటి రెండు నిమిషాలు జాలి వేసింది. ఈ పిల్ల మానేస్తేనే నయం, మెల్లగా ఎలా రాయాలి అని మాటలు వెతుక్కుంటున్నాను. తర్వాత కింది స్థాయికి వచ్చావు. అక్కడ నీ గొంతు ఇదివరకు నేనెప్పుడూ విననిది. బొంగురు ఉంది, దాచలేదు. పైన మెరుస్తూ పాడిన రోజుల్లో నువ్వు ఏ మాట దగ్గరా ఆగేదానివి కాదు. ఇప్పుడు ప్రతి మాట దగ్గరా ఆగి దాన్ని పట్టుకొని వదులుతున్నావు. షడ్జం మీద నిలబడి, ఇంకా కిందికి దిగి, అక్కడే ఉండిపోయావు. ఎంతసేపు ఉన్నావో నాకు తెలియలేదు.

అప్పుడు లోపల పాత మంట లేచింది. దీనికి ఇదెక్కడి నుంచి వచ్చింది? గొంతు పోగొట్టుకొని కూడా దీనికి పాట ఎలా మిగిలింది? నాకు ఎందుకు ఇవ్వలేదు? క్యాసెట్ బయటికి లాగి సీటు మీద పడేశాను. ‘ఇక ఆపేయ్, నీ పరువు దక్కుతుంది’ అని రాస్తే నువ్వు నమ్మేస్తావని నాకు తెలుసు. ఆ వాక్యం మనసులో పూర్తిగా రాసుకున్నాను కూడా. కాగితం మీద పెట్టలేదు.

బాగా లేని పాట విని నేనెప్పుడూ ఇంత కుళ్లుకోలేదు. మిగతా వాళ్ల కన్నీళ్లు నమ్మకపోతే పోనీ, నా కుళ్లు నమ్ము.

జూన్‌లో వెళ్లు. కింది స్థాయిలో పాడు. నా కడుపు మండుతోంది ప్రసన్నా, అందుకే గట్టిగా చెబుతున్నాను. వెళ్లి పాడు.

మీనాక్షి